లైనక్స్ ఇన్‌స్టాల్ చేశాక బూట్ కావట్లేదా? ఎక్కడ ఆగిందో చూసి బాగుచేసుకునే పద్ధతి

ఇన్‌స్టాలేషన్ పూర్తయిందని మెసేజ్ వచ్చింది, రీస్టార్ట్ చేశారు. తీరా చూస్తే తెర నల్లగా ఉండిపోయింది. లేదా ఏమీ జరగనట్టు విండోస్ తెరుచుకుంది. లేదా అర్థం కాని నాలుగు తెల్లక్షరాలు వచ్చి కర్సర్ మిణుకుమంటోంది. ఇలాంటప్పుడు టెన్షన్ పడి చాలామంది మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. మొదటిసారి ఏ కారణంతో ఆగిందో రెండోసారీ అదే కారణంతో ఆగుతుంది. పైగా ఆ తొందరలో తప్పు పార్టిషన్‌ను ఫార్మాట్ చేస్తే, అప్పటిదాకా భద్రంగా ఉన్న ఫైళ్లు నిజంగానే పోతాయి. బూట్ కాకపోవడం వేరు, డేటా పోవడం వేరు. చాలా సందర్భాల్లో డిస్క్‌లో అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి, అక్కడికి వెళ్లే దారి మాత్రమే తెగి ఉంటుంది.

ఒక మాట ముందే చెప్పాలి. కమాండ్లు, ఫైళ్ల పేర్లు ఇక్కడ పలికే తీరులో తెలుగులో రాశాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలు వాడండి. గీతలు, చుక్కలు, స్పేస్‌లు మాత్రం రాసినవి రాసినట్టే ఉండాలి. ఎల్-ఎస్ లాగా అక్షరం అక్షరం విడదీసి రాసిన పేర్లలో మాత్రం మధ్య గీతలు టైప్ చేయకండి. పెద్ద అక్షరాలు కావలసిన చోట ఆ సంగతి చెబుతాను.

ముందు, ఎక్కడ ఆగిందో చూడండి

పవర్ బటన్ నొక్కింది మొదలు డెస్క్‌టాప్ కనిపించేదాకా పని ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారుతూ వస్తుంది. మొదట మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్ లేస్తుంది. ఇప్పటి మెషీన్లలో అది యూఈఎఫ్ఐ, పాతవాటిలో బయోస్. అది బూట్‌లోడర్‌ను వెతికి పిలుస్తుంది. లైనక్స్‌లో ఎక్కువగా వాడే బూట్‌లోడర్ గ్రబ్. గ్రబ్ లైనక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌నీ, దానితో పాటు ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ అనే చిన్న తాత్కాలిక వ్యవస్థనీ మెమరీలోకి ఎక్కిస్తుంది. ఆ తాత్కాలిక వ్యవస్థ అసలు రూట్ పార్టిషన్‌ను (లైనక్స్ ఉన్న ప్రధాన పార్టిషన్) వెతికి పట్టుకుని సిస్టమ్‌డీకి అప్పగిస్తుంది. సిస్టమ్‌డీ మిగతా డిస్కులను మౌంట్ చేసి (అంటే వాడుకకు ఒక ఫోల్డర్ దగ్గర తగిలించి), సర్వీసులు మొదలుపెట్టి, చివరకు లాగిన్ తెర చూపిస్తుంది.

తెర మీద కనిపించేదాన్ని బట్టి ఈ వరుసలో ఎవరి దగ్గర ఆగిందో చెప్పేయొచ్చు. బూటబుల్ డివైస్ లేదని వచ్చినా, నేరుగా విండోస్ తెరుచుకున్నా ఫర్మ్‌వేర్ గ్రబ్‌ను చూడలేదన్నమాట. గ్రబ్ రెస్క్యూ అనే ప్రాంప్ట్ కనిపిస్తే గ్రబ్ లేచింది కానీ దానికి తన ఫైళ్లు దొరకలేదు. మెనూ వచ్చి, లైనక్స్ ఎంచుకున్నాక తెర నల్లబడితే చాలావరకు గ్రాఫిక్స్ డ్రైవర్ గొడవ. బ్రాకెట్లలో ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ అని వస్తే రూట్ పార్టిషన్ దొరకలేదు, లేదా దొరికినా పాడై ఉంది. ఎమర్జెన్సీ మోడ్ అని వస్తే కెర్నల్ బాగానే ఉంది, ఏ పార్టిషన్ ఎక్కడ మౌంట్ కావాలో రాసి ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైల్‌ను అనుమానించాలి. లాగిన్ తెర దాకా వచ్చి లోపలికి వెళ్లనివ్వకపోతే బూట్ సమస్యే కాదు, అది యూజర్ ఖాతాకో, నిండిన డిస్క్‌కో సంబంధించినది.

ఏదైనా మార్చేముందు ఆ తెరను ఫోన్‌తో ఫోటో తీయండి. అందులోని ఎర్రర్ లైన్ మళ్లీ కనిపించకపోవచ్చు.

లైవ్ యూఎస్‌బీ దగ్గర పెట్టుకోండి

ఇన్‌స్టాల్ చేయడానికి వాడిన పెన్‌డ్రైవ్‌నే రిపేర్‌కూ వాడొచ్చు, దాన్ని చెరపకండి. ఒకవేళ ఇన్‌స్టాలేషనే మధ్యలో వింతగా ఆగి ఉంటే, డౌన్‌లోడ్ చేసిన ఐఎస్ఓ ఫైల్ ఎస్‌హెచ్‌ఏ256 చెక్‌సమ్ సరిపోతుందో లేదో ముందు చూడండి. పాడైన ఐఎస్ఓతో ఎన్ని గంటలు కూర్చున్నా లాభం లేదు.

యూఎస్‌బీ నుంచి బూట్ చేసేటప్పుడు ఒక చిన్న విషయం చాలా పెద్ద తేడా తెస్తుంది. మెషీన్ ఆన్ చేయగానే ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్ లాంటి కీ నొక్కితే బూట్ మెనూ వస్తుంది. ఏ కీ అన్నది తయారీదారును బట్టి మారుతుంది. ఆ మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపించొచ్చు. ఒకదాని ముందు యూఈఎఫ్ఐ అని ఉంటుంది, రెండోదాని ముందు ఉండదు. విండోస్ యూఈఎఫ్ఐ పద్ధతిలో ఉంటే మీరూ యూఈఎఫ్ఐ ఉన్న వరుసనే ఎంచుకోవాలి. రెండోది ఎంచుకుంటే లైనక్స్ పాత బయోస్ పద్ధతిలో ఇన్‌స్టాల్ అవుతుంది. అప్పుడు ఒకే డిస్క్ మీద రెండు ఓఎస్‌లు రెండు పద్ధతుల్లో ఉండి, గ్రబ్ మెనూ నుంచి విండోస్‌కు వెళ్లలేరు. లైవ్ సెషన్, అంటే పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లైనక్స్, ఏ పద్ధతిలో లేచిందో తెలుసుకోవడం సులువు. టెర్మినల్ తెరిచి /సిస్/ఫర్మ్‌వేర్/ఈఎఫ్ఐ ఫోల్డర్ ఉందో లేదో చూడండి. ఉంటే యూఈఎఫ్ఐ, లేకపోతే పాత పద్ధతి. రిపేర్ మొదలుపెట్టే ముందు ఈ ఒక్క పరీక్ష తప్పనిసరి.

గ్రబ్ జాడే లేదు, నేరుగా విండోస్ వస్తోంది

ముందుగా సులువైనది చూడండి. ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి బూట్ ఆర్డర్ చూస్తే, విండోస్ బూట్ మేనేజర్ కింద ఉబుంటు, ఫెడోరా లాంటి పేరు ఉండొచ్చు. దాన్ని పైకి జరిపి సేవ్ చేస్తే సరిపోతుంది. పెద్ద విండోస్ అప్‌డేట్ తర్వాతో, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ తర్వాతో ఈ క్రమం మారిపోవడం మామూలే.

పేరు జాబితాలో లేకపోతే లైవ్ యూఎస్‌బీలో టెర్మినల్ తెరిచి సుడోతో (అడ్మిన్ హక్కులిచ్చే కమాండ్) ఈఎఫ్ఐబూట్‌మేనేజర్ కమాండ్ నడపండి. టైప్ చేసేటప్పుడు చివరి భాగం ఎం-జి-ఆర్ అని మూడక్షరాలే. బూట్0000, బూట్0003 లాంటి నంబర్లతో ఎంట్రీలన్నీ వస్తాయి. లైనక్స్ 0003 అయితే, అదే కమాండ్‌కు -ఓ చేర్చి 0003,0000 అని ఇస్తే లైనక్స్ ముందుకు వస్తుంది. ఎంట్రీనే లేకపోతే గ్రబ్‌ను మళ్లీ వేయాలి, ఆ పద్ధతి కింద వివరంగా ఉంది.

కొన్ని ల్యాప్‌టాప్‌లు మరీ మొండివి. మీరు పెట్టిన ఎంట్రీని ప్రతి రీస్టార్ట్‌కూ పక్కన పెట్టేసి తమకు తెలిసిన దారినే వెతుకుతాయి. వాటి కోసం గ్రబ్-ఇన్‌స్టాల్‌కు --రిమూవబుల్ అనే ఆప్షన్ ఉంది. అది గ్రబ్‌ను, బూట్‌లోడర్లు ఉండే ఈఎఫ్ఐ పార్టిషన్‌లో ఈఎఫ్ఐ/బూట్ ఫోల్డర్‌లో, ఏ ఫర్మ్‌వేర్ అయినా చివరి ప్రయత్నంగా చూసే పేరుతో పెడుతుంది.

ఇన్‌స్టాలర్‌కు అసలు డిస్కే కనిపించకపోతే అది మరో సమస్య. ఫర్మ్‌వేర్‌లో స్టోరేజ్ మోడ్ ఇంటెల్ ఆర్ఎస్‌టీ లేదా రెయిడ్ అని ఉందేమో చూడండి. దాన్ని ఏహెచ్‌సీఐకి మార్చాలి. కానీ నేరుగా మారిస్తే విండోస్ బూట్ కాకుండా పోవచ్చు. ముందు విండోస్‌ను సేఫ్ మోడ్‌లో తెరుచుకునేలా సెట్ చేసి, రీస్టార్ట్ చేస్తూ ఫర్మ్‌వేర్‌లో మోడ్ మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లోకి వెళ్లొచ్చాక ఆ సెట్టింగ్ తీసేయండి. విండోస్ తనకు కావలసిన డ్రైవర్‌ను అప్పుడు తనే వేసుకుంటుంది.

సెక్యూర్ బూట్

సెక్యూర్ బూట్ అంటే నమ్మదగిన సంతకం ఉన్న ప్రోగ్రామ్‌లనే బూట్ కానిచ్చే ఫర్మ్‌వేర్ రక్షణ. చాలా సలహాలు దాన్ని ఆపేయమనే మొదలవుతాయి. నేను అలా చెప్పను. ఉబుంటు, ఫెడోరా, డెబియన్ లాంటివి సంతకం ఉన్న షిమ్ అనే చిన్న ప్రోగ్రామ్ ద్వారా లేస్తాయి కాబట్టి సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నా పనిచేస్తాయి. పైగా విండోస్ డ్రైవ్ బిట్‌లాకర్ అనే ఎన్‌క్రిప్షన్‌తో లాక్ అయి ఉంటే, సెక్యూర్ బూట్ మార్చిన మరుక్షణం అది 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఆ కీ మీ చేతిలో ఉందని నిర్ధారించుకున్నాకే ఆ స్విచ్ ముట్టుకోండి.

ఎన్‌విడియా డ్రైవర్ వేస్తున్నప్పుడు ఇన్‌స్టాలర్ ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. తర్వాతి రీస్టార్ట్‌లో నీలం తెర మీద మోక్ మేనేజ్‌మెంట్ అని వస్తుంది. మోక్ అంటే మెషీన్ యజమానిగా మీరు నమ్మి చేర్చుకునే సంతకం కీ. అందులో ఎన్‌రోల్ మోక్ ఎంచుకుని, అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఈ తెర కొద్ది సెకన్లే ఉంటుంది, పట్టించుకోకపోతే మామూలుగా బూట్ అయిపోతుంది. అప్పుడు డ్రైవర్ డిస్క్‌లో ఉన్నా కెర్నల్ దాన్ని లోడ్ చేయనివ్వదు. డ్రైవర్ వేసినా పనిచేయట్లేదన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఈ దాటిపోయిన నీలం తెరే.

ఇంకొకటి. షిమ్ ఎస్‌బాట్ డేటా వెరిఫికేషన్ విఫలమైందని, సెక్యూరిటీ పాలసీ వయొలేషన్ అని వస్తే, మీ లైనక్స్‌లోని షిమ్ పాతది. 2024 ఆగస్టులో వచ్చిన విండోస్ అప్‌డేట్ తర్వాత చాలా డ్యుయల్ బూట్ మెషీన్లలో ఇదే జరిగింది. బిట్‌లాకర్ కీ సిద్ధం చేసుకుని సెక్యూర్ బూట్‌ను తాత్కాలికంగా ఆపి, లైనక్స్‌లోకి వెళ్లి షిమ్, గ్రబ్ ప్యాకేజీలను అప్‌డేట్ చేసి, మళ్లీ ఆన్ చేయండి.

గ్రబ్ రెస్క్యూ ప్రాంప్ట్

ఇక్కడ ఆగితే భయపడాల్సిన పనిలేదు, గ్రబ్‌కు దారి చూపిస్తే చాలు. ఎల్-ఎస్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. బ్రాకెట్లలో హెచ్‌డీ0,జీపీటీ1 తరహాలో పార్టిషన్ల పేర్లు వస్తాయి. ఒక్కొక్కదాని పేరు తర్వాత /బూట్/గ్రబ్ చేర్చి మళ్లీ ఎల్-ఎస్ కొట్టండి. ఫైళ్ల జాబితా ఎక్కడ వస్తే అదే మీకు కావలసింది. ఉదాహరణకు రెండోదానిలో దొరికిందనుకుందాం. అప్పుడు ఈ నాలుగు లైన్లు:

1. సెట్ రూట్=(హెచ్‌డీ0,జీపీటీ2)
2. సెట్ ప్రిఫిక్స్=(హెచ్‌డీ0,జీపీటీ2)/బూట్/గ్రబ్
3. ఇన్స్‌మాడ్ నార్మల్
4. నార్మల్

మామూలు మెనూ వచ్చేస్తుంది. ఫెడోరా కుటుంబంలో ఫోల్డర్ పేరు గ్రబ్2. బూట్ కోసం వేరే పార్టిషన్ ఉంటే దారిలో /బూట్ ఉండదు, నేరుగా /గ్రబ్ అనే ఇవ్వాలి. ఇది ఈ ఒక్కసారికే పనిచేస్తుంది. లైనక్స్ లోపలికి వెళ్లగానే గ్రబ్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయకపోతే రేపు కూడా ఇదే ప్రాంప్ట్ చూస్తారు.

లైవ్ యూఎస్‌బీ నుంచి గ్రబ్ బాగుచేయడం

ఇది నేర్చుకుంటే సగం సమస్యలు మీ చేతిలో ఉన్నట్టే. దీనికి గ్రాఫికల్‌గా బూట్-రిపేర్ అనే టూల్ ఉంది, ఉబుంటు తరహా వాటికి బాగానే పనిచేస్తుంది. కానీ అది లోపల ఏం మార్చిందో తెలియదు, అందుకే చేత్తో చేయడం తెలిసి ఉండాలంటాను. క్రూట్ (టైప్ చేసేటప్పుడు సి-హెచ్-ఆర్-ఓ-ఓ-టి) అంటే, లైవ్ సెషన్‌లో కూర్చుని డిస్క్‌లోని మీ అసలు సిస్టమ్ లోపలికి వెళ్లి అక్కడి కమాండ్లు నడపడం.

1. ఎల్-ఎస్-బి-ఎల్-కె కమాండ్‌కు -ఎఫ్ చేర్చి నడపండి. పార్టిషన్లు, వాటి ఫైల్ సిస్టమ్ కనిపిస్తాయి. సైజు చూడాలంటే అదే కమాండ్‌ను -ఎఫ్ లేకుండా నడపండి. లైనక్స్ రూట్ సాధారణంగా ఈఎక్స్‌టీ4 లేదా బీటీఆర్‌ఎఫ్ఎస్. కొన్ని వందల ఎంబీ ఉన్న చిన్న ఫ్యాట్32 పార్టిషన్ ఈఎఫ్ఐది. ఎన్‌వీఎంఈ డిస్కుల్లో పేర్లు ఎన్‌వీఎంఈ0ఎన్1పీ2 తరహాలో పొడుగ్గా ఉంటాయి.
2. రూట్ పార్టిషన్‌ను /ఎంఎన్‌టీ దగ్గర మౌంట్ చేయండి. ఫెడోరా బీటీఆర్‌ఎఫ్ఎస్ అయితే -ఓ సబ్‌వాల్=రూట్ కూడా చేర్చాలి. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే ముందు క్రిప్ట్‌సెటప్ ఓపెన్‌తో తాళం తీయాలి.
3. బూట్‌కు వేరే పార్టిషన్ ఉంటే దాన్ని /ఎంఎన్‌టీ/బూట్ దగ్గర, ఈఎఫ్ఐ పార్టిషన్‌ను /ఎంఎన్‌టీ/బూట్/ఈఎఫ్ఐ దగ్గర మౌంట్ చేయండి. క్రమం ఇదే, తారుమారు చేయకండి.
4. మౌంట్ --ఆర్‌బైండ్‌తో /డెవ్, /ప్రాక్, /సిస్, /రన్ నాలుగింటినీ /ఎంఎన్‌టీ కింద అదే పేర్లకు కలపండి.
5. సుడో క్రూట్ /ఎంఎన్‌టీ అని కొట్టండి. ఇప్పుడు మీరున్నది మీ అసలు సిస్టమ్‌లో.
6. ఉబుంటు, డెబియన్, మింట్‌లో యూఈఎఫ్ఐ అయితే గ్రబ్-ఇన్‌స్టాల్ ఒక్కటే చాలు. పాత పద్ధతి అయితే దాని పక్కన డిస్క్ పేరు ఇవ్వాలి, అంటే /డెవ్/ఎస్‌డీఏ. పార్టిషన్ నంబర్ చేర్చకూడదు.
7. అప్‌డేట్-గ్రబ్ నడిపి, ఎగ్జిట్ కొట్టి, రీస్టార్ట్ చేయండి.

ఆరో మెట్టులో ఈఎఫ్ఐ వేరియబుల్స్ దొరకలేదన్న ఎర్రర్ వస్తే లైవ్ యూఎస్‌బీ పాత పద్ధతిలో లేచిందేమో చూడండి. వేరే కమాండ్లతో కుస్తీ పట్టకుండా, రీస్టార్ట్ చేసి యూఈఎఫ్ఐ వరుస ఎంచుకోండి. ఇక పాత బయోస్, జీపీటీ డిస్క్ (కొత్త తరహా పార్టిషన్ పట్టిక ఉన్నది) కలిసి ఉన్నప్పుడు గ్రబ్‌కు తన కోసం 1 ఎంబీ బయోస్-గ్రబ్ పార్టిషన్ కావాలి, అది లేకపోతే ఇన్‌స్టాల్ కానంటుంది. ఫెడోరాలో యూఈఎఫ్ఐ మీద గ్రబ్2-ఇన్‌స్టాల్ వాడకండి. షిమ్, గ్రబ్2 ఈఎఫ్ఐ ప్యాకేజీలను డీఎన్‌ఎఫ్‌తో రీఇన్‌స్టాల్ చేయడమే అక్కడి పద్ధతి.

మెనూలో విండోస్ కనిపించట్లేదు

గ్రబ్ 2.06 నుంచి ఇతర ఓఎస్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్ ముందుగానే ఆఫ్‌లో వస్తోంది. /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్ ఫైల్‌లో గ్రబ్_డిసేబుల్_ఓఎస్_ప్రోబర్=ఫాల్స్ అనే లైన్ చేర్చండి. సమానం గుర్తుకు ముందున్నదంతా పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఓఎస్-ప్రోబర్ ప్యాకేజీ ఉందో లేదో చూసుకుని అప్‌డేట్-గ్రబ్ నడపండి. విండోస్ ఫాస్ట్ స్టార్టప్‌ను కూడా ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది, లైనక్స్ నుంచి ఆ డ్రైవ్‌లో రాయడం కుదరదు.

మెనూ తర్వాత నల్లతెర

మెనూ కనిపించకుండా దాటిపోతుంటే యూఈఎఫ్ఐ మెషీన్‌లో ఎస్కేప్ నొక్కండి, పాత బయోస్‌లో షిఫ్ట్ పట్టుకోండి. లైనక్స్ వరుస మీద నిలబడి ఇ కీ నొక్కితే కొన్ని లైన్లు తెరుచుకుంటాయి. లైనక్స్ అనే మాటతో మొదలయ్యే పొడుగాటి లైన్ వెతకండి. దాని చివర క్వయట్ స్ప్లాష్ అని ఉంటుంది. ఆ రెండు మాటలూ తీసేసి నోమోడ్‌సెట్ అని రాసి, ఎఫ్10 నొక్కండి. క్వయట్ తీసేయడం వల్ల ఇంకో లాభం ఉంది. బూట్ మెసేజ్‌లన్నీ తెర మీద పారుతాయి, ఆగితే ఏ మాట దగ్గర ఆగిందో చదవొచ్చు.

ఇలా లోపలికి వెళ్లగలిగితే గ్రాఫిక్స్ డ్రైవరే దోషి. ఉబుంటులో ఉబుంటు-డ్రైవర్స్ ఇన్‌స్టాల్ అనే కమాండ్ సరైన డ్రైవర్‌ను ఎంచుకుని వేస్తుంది. ఫెడోరాలో ఎన్‌విడియా కోసం ఆర్‌పీఎం ఫ్యూజన్ రిపాజిటరీ కలుపుకోవాలి. నోమోడ్‌సెట్‌ను శాశ్వతంగా ఉంచేయకండి. అది గ్రాఫిక్స్ కార్డును సరిగా వాడనివ్వదు, తెర రిజల్యూషన్ తగ్గుతుంది, వీడియోలు తడబడతాయి.

ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ ప్రాంప్ట్, కెర్నల్ ప్యానిక్

ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ ప్రాంప్ట్ పైనున్న లైన్లు చదవండి. ఎఫ్ఎస్‌సీకేను (ఫైల్ సిస్టమ్‌ను పరీక్షించి బాగుచేసే కమాండ్) మాన్యువల్‌గా నడపమని ఒక పార్టిషన్ పేరుతో సహా చెబితే, ఆ పేరుతోనే ఎఫ్ఎస్‌సీకే -వై /డెవ్/ఎస్‌డీఏ2 లాగా కొట్టండి. పూర్తయ్యాక ఎగ్జిట్. ఇది ఈఎక్స్‌టీ4కి మాత్రమే, బీటీఆర్‌ఎఫ్ఎస్ మీద రిపేర్ ఆప్షన్లు గుడ్డిగా వాడకండి. వారం తిరక్కుండా మళ్లీ ఇదే వస్తే డిస్కే పోతోందేమోనని అనుమానించాలి. ముందు ఫైళ్లు బయటికి కాపీ చేసుకుని, తర్వాత స్మార్ట్‌సీటీఎల్‌తో డిస్క్ ఆరోగ్యం చూడండి.

ఫలానా యూయూఐడీ (ఒక్కో పార్టిషన్‌కు ఉండే ప్రత్యేక గుర్తింపు నంబర్) లేదని వస్తే బీఎల్‌కేఐడీ కొట్టి, ఆ నంబర్ నిజంగా ఏ పార్టిషన్‌కైనా ఉందేమో పోల్చండి. పార్టిషన్‌ను ఫార్మాట్ చేస్తే యూయూఐడీ కొత్తది వస్తుంది, గ్రబ్ దగ్గర పాతదే ఉండిపోతుంది. క్రూట్‌లోకి వెళ్లి అప్‌డేట్-గ్రబ్ నడపాలి.

కెర్నల్ ప్యానిక్ వచ్చి రూట్ ఫైల్ సిస్టమ్ మౌంట్ చేయలేకపోయానని, అన్‌నోన్ బ్లాక్ 0,0 అని ఉంటే, ఎక్కువగా ఆ కెర్నల్‌కు ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ ఫైల్ తయారుకాలేదని అర్థం. బూట్ పార్టిషన్ నిండిపోయినప్పుడు ఇలా అవుతుంది. గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కు వెళ్లి పాత కెర్నల్ ఎంచుకోండి. లోపలికి వెళ్లాక అక్కర్లేని పాత కెర్నళ్లను ఏపీటీ ఆటోరిమూవ్‌తో తీసేసి, అప్‌డేట్-ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ -యూ -కే ఆల్, ఆ తర్వాత అప్‌డేట్-గ్రబ్ నడపండి.

ఎమర్జెన్సీ మోడ్

ఇది వచ్చే ముందు తెర మీద ఏదో ఒక డిస్క్ పేరు చూపిస్తూ 90 సెకన్ల లెక్క నడుస్తుంది. ఎఫ్‌స్టాబ్‌లో రాసి ఉన్న ఒక పార్టిషన్ కోసం సిస్టమ్‌డీ ఎదురుచూస్తోంది, అది రావట్లేదు. రూట్ (అడ్మిన్ ఖాతా) పాస్‌వర్డ్ ఇచ్చి గానీ, అడగకపోతే ఎంటర్ కొట్టి గానీ లోపలికి వెళ్లండి. రూట్ ఖాతా లాక్ అయిందని తలుపు తెరవకపోతే లైవ్ యూఎస్‌బీతో ఇదే పని చేయొచ్చు.

మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ / అని కొట్టి రాయడానికి అనుమతి తెచ్చుకోండి. న్యానోతో /ఈటీసీ/ఎఫ్‌స్టాబ్ తెరవండి. ప్రతి లైన్‌లో ముందు యూయూఐడీ, తర్వాత అది ఎక్కడ మౌంట్ కావాలో, తర్వాత ఫైల్ సిస్టమ్ రకం, ఆప్షన్లు ఉంటాయి. బీఎల్‌కేఐడీ చూపిన నంబర్లతో ఒక్కో లైన్ పోల్చండి. సరిపోని లైన్ ముందు హ్యాష్ గుర్తు పెడితే సిస్టమ్‌డీ దాన్ని వదిలేస్తుంది. లైన్ చెరిపేయకండి, రేపు సరైన నంబర్ పెట్టుకోవడానికి అది ఉండాలి. బయటి డిస్కుల లైన్లలో ఆప్షన్ల చోట నోఫెయిల్ అని చేర్చండి, ఆ డిస్క్ లేకపోయినా బూట్ ఆగదు.

రెండో లైనక్స్ వేసిన తర్వాత మొదటిదానిలో ఈ ఆలస్యం మొదలైతే స్వాప్‌ను (మెమరీ చాలనప్పుడు వాడే డిస్క్ భాగం) చూడండి. కొత్త ఇన్‌స్టాలర్ స్వాప్‌ను ఫార్మాట్ చేసి ఉంటుంది, మొదటి సిస్టమ్ ఇంకా పాత నంబర్ కోసం వెతుకుతుంటుంది.

లాగిన్ తెర దాకా వచ్చి వెనక్కి తిప్పుతోంది

పాస్‌వర్డ్ సరైనదే ఇచ్చినా మళ్లీ లాగిన్ తెరే వస్తుంటే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి అక్షరాల తెరలో లాగిన్ అవ్వండి. డీఎఫ్ -హెచ్ కొడితే రూట్ లేదా హోమ్ 100 శాతం నిండి ఉండొచ్చు. ప్యాకేజీ క్యాష్, పాత లాగ్‌లు తీసేస్తే డెస్క్‌టాప్ తెరుచుకుంటుంది. డిస్క్ నిండలేదంటే మీ హోమ్ ఫోల్డర్‌లోని ఫైళ్ల యజమాని మీరేనా, లేక ఏదో కమాండ్‌ను సుడోతో నడిపినందువల్ల రూట్ అయిందా చూడండి. సీహెచ్‌ఓడబ్ల్యూఎన్‌తో తిరిగి మీ పేరుకు మార్చుకోవచ్చు.

వీటిలో దేనికీ సరిపోకపోతే లాగ్ చదవాలి. జర్నల్‌సీటీఎల్ -బీ -1 -పీ ఈఆర్ఆర్ అంటే గతసారి బూట్‌లోని ఎర్రర్లే వస్తాయి. సిస్టమ్ అసలు లేవకపోతే లైవ్ యూఎస్‌బీ నుంచి రూట్‌ను /ఎంఎన్‌టీ దగ్గర మౌంట్ చేసి, జర్నల్‌సీటీఎల్ -డీ /ఎంఎన్‌టీ/వార్/లాగ్/జర్నల్ అని కొట్టండి. ఇందులో -డీ మాత్రం పెద్ద అక్షరం. ఎవరినైనా సాయం అడగాలంటే ఆ ఎర్రర్ లైన్లు, ఎల్-ఎస్-బి-ఎల్-కె -ఎఫ్ చూపించిన పార్టిషన్ల జాబితా, మెషీన్ యూఈఎఫ్ఐ పద్ధతిలో ఉందా లేదా అన్న సంగతి, మొదట తీసిన ఫోటో కలిపి పంపండి.